తీగలో తేడా, చెవిలో తేడా

పాట వినడం అందరికీ తెలిసిన పనే. విన్న పాట ఏ కారణంచేత బాగున్నదో చెప్పడం మాత్రం అంత తేలిక కాదు. ఆంప్లిఫయరునూ స్పీకరునూ కలిపే తీగ విషయంలో ఈ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ తీగను పట్టించుకున్నవారు తక్కువ. కరెంటు సామాన్ల షాపులో మూర లెక్కన కొని తగిలించేవారు. 1979లో అమెరికాలో నోయెల్ లీ మాన్‌స్టర్ కేబుల్ కంపెనీ పెట్టి, లావుపాటి తీగను ప్రత్యేక వస్తువుగా అమ్మిన తరువాత అదొక పెద్ద వ్యాపారమైంది. నేడు స్పీకరు ఖరీదును మించిన తీగలు కూడా దొరుకుతున్నాయి. కొన్నవారు "గొంతు విచ్చుకుంది" అంటారు. నమ్మనివారు "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని నవ్వేస్తారు. పరీక్ష చేసి మాట్లాడేవారు అరుదు. ఆ పరీక్షను ఇంట్లోనే ఎలా చేయవచ్చునో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ముందు లెక్క చూద్దాం. రాగి విశిష్ట నిరోధం 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 1.68 × 10⁻⁸ ఓమ్-మీటర్లు. ఆంప్లిఫయరు నుంచి స్పీకరు 3 మీటర్ల దూరంలో ఉందనుకోండి. రానూపోనూ 6 మీటర్ల తీగ. అది 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే దాని నిరోధం 0.04 ఓములు. 8 ఓముల స్పీకరు దగ్గర దీనివల్ల తగ్గే శబ్దం 0.04 డెసిబెల్. అదే 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్నతీగ వాడితే నిరోధం 0.2 ఓములు, తగ్గుదల 0.2 డెసిబెల్.

ఇంకొక సంగతి. "8 ఓములు" అని రాసి ఉన్నా స్పీకరు అవరోధం అన్ని పౌనఃపున్యాల దగ్గరా ఒకేలా ఉండదు. ఒకచోట 5కి దిగి, మరోచోట 30కి ఎక్కవచ్చు. అలాంటి స్పీకరుకు సన్నతీగ తగిలిస్తే ఈ రెండుచోట్ల మధ్య దాదాపు 0.3 డెసిబెల్ హెచ్చుతగ్గు వస్తుంది. లావుతీగతో అది 0.06 మాత్రమే. కాబట్టి తీగలన్నీ ఒకటేననడం శాస్త్రం కాదు. అసలు ప్రశ్న ఏమిటంటే, తగినంత లావున్న రెండు రాగితీగల్లో ఒకటి వందల్లో, మరొకటి లక్షల్లో ఉన్నప్పుడు, వాటి తేడా చెవికి అందుతుందా అన్నది.

ఇక్కడ చెవిని తప్పుదారి పట్టించేవి మూడున్నాయి. మొదటిది శబ్దస్థాయి. రెండింటిలో ఒకటి కాస్త గట్టిగా ఉంటే మనకు "గట్టిగా ఉంది" అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. రెండవది జ్ఞాపకం. స్వరంలోని సూక్ష్మమైన తేడాలు మనసులో కొన్ని క్షణాలకు మించి నిలవవు. నిన్న విన్నదానితో ఇవాళ పోల్చడం వట్టిమాట. మూడవది, అన్నిటికన్నా బలమైనది, పేరు తెలియడం. ఏ తీగ మోగుతోందో తెలిసిన తరువాత మనం వినేది చెవులతో మాత్రమే కాదు.

మా అన్నయ్య స్నేహితుడొకాయన ఇలాంటి తీగ ఒకటి దుకాణం నుంచి వారం రోజులకు తెచ్చుకుని నన్ను పిలిచారు. దాని ధర ఆయన రెండు నెలల జీతం. చెల్లెలి కాలేజీ ఫీజు కట్టవలసింది కూడా ఆ నెలలోనే. పాత తీగతో ఒకసారి, కొత్త తీగతో ఒకసారి ఘంటసాల పాట పెట్టి, "చూశావా తమ్ముడూ, గొంతు ఎలా ముందుకొచ్చిందో! నువ్వు ఫిజిక్సు చదువుతున్నావుగా, కొనమంటావా వద్దంటావా?" అన్నారు. "అన్నా, పేరు దాచి విందాం, ఆ తరువాత చెబుతాను" అన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

మేము చేసిన పద్ధతి ఇది. ముందుగా స్పీకరు తగిలించి ఉండగానే 400 హెర్ట్జ్‌ల స్థిరస్వరం వినిపించి, స్పీకరు టెర్మినల్స్ దగ్గర మల్టీమీటరుతో వోల్టేజి కొలిచాం. చవక మీటర్లు అంతకు మించిన పౌనఃపున్యాల దగ్గర సరిగా చూపకపోవచ్చు. రెండు తీగల రీడింగుల మధ్య తేడా 1 శాతం లోపు ఉండాలి. అంటే 0.1 డెసిబెల్ కన్నా తక్కువన్నమాట. తరువాత ఆంప్లిఫయరు ముందు దుప్పటి కట్టి, దాని వెనుక ఆయన చెల్లెలిని కూర్చోబెట్టాం. మొదట పాత తీగ, తరువాత కొత్త తీగ, పేరు చెప్పి వినిపించాలి. మూడోసారి నాణెం ఎగరేసి బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది తగిలించి, చెప్పకుండా వినిపించాలి. అది రెంటిలో ఏదో వినేవారు కాగితంమీద రాయాలి. ప్రతిసారీ అదే పాటలో అదే 15 సెకన్ల ముక్క. తీగ మార్చేముందు ఆంప్లిఫయరు ఆపాలి, లేకపోతే తీగలు ఒకదానికొకటి తగిలి ఆంప్లిఫయరు పాడవుతుంది. ఇలా 16 సార్లు. చివరిదాకా ఎవరూ ఎవరి కాగితమూ చూడకూడదు.

తీగ మార్చేవారిని వినేవారికి కనబడకుండా ఎందుకు కూర్చోబెట్టాలి? బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం గిట్టతో నేలను తట్టి లెక్కలు చేస్తుందని ప్రసిద్ధి పొందింది. ఆస్కార్ ఫంగ్‌స్ట్ దానిని పరీక్షించి 1907లో అసలు సంగతి వెల్లడించాడు. ప్రశ్న అడిగేవారికి జవాబు తెలిసినప్పుడే గుర్రానికీ తెలిసేది. వారికే తెలియకుండా తల కదిలే తీరును అది పసిగట్టేది. గుర్రం కనిపెట్టగలిగినదాన్ని మనిషి కనిపెట్టలేడా?

16లో ఆయన సరిగా చెప్పినవి 9. ఊరికే ఊహించినా సగటున 8 వస్తాయి. ఊహతోనే 12 గాని అంతకు మించి గాని వచ్చే సంభావ్యత 65,536లో 2,517, అంటే సుమారు 3.8 శాతం. అందుచేత 12 దాటితే తేడా వినబడిందని ఒప్పుకోవచ్చు. 9 వస్తే ఒప్పుకోలేం. అలాగని ప్రపంచంలో ఎవరికీ వినబడదని దీనివల్ల రుజువు కాలేదు. ఆ గదిలో, ఆ స్పీకర్లతో, ఆ వ్యక్తికి వినబడినట్టు తేలలేదు, అంతే. ఎవరైనా 14 సరిగా చెబితే నమస్కరించి కారణం వెదకడమే మన పని.

ఈ మూడుసార్లు వినే పద్ధతి కొత్తదేమీ కాదు. బెల్ లేబొరేటరీస్‌కు చెందిన మన్సన్, గార్డ్‌నర్ 1950లోనే దీన్ని ప్రకటించారు. 1982లో డేవిడ్ క్లార్క్ దీనిని ఆడియో పరికరాలకు అనువుగా మలచి వివరించాడు.

ఆయన అబద్ధమాడారా? లేదు. మొదట గొంతు ముందుకొచ్చినట్టు ఆయనకు నిజంగానే వినిపించింది. ఆ తేడా ఆయన వినికిడిలో ఉంది, తీగలో ఉన్నట్టు మాత్రం రుజువు కాలేదు. తీగ వాపసు వెళ్ళింది, ఫీజు గడువులో కట్టారు. స్పీకర్లను గోడకు ఒక అడుగు ముందుకు జరిపి, ఎదుటి గోడకు మందపాటి పరదా వేస్తే వచ్చిన మార్పు మాత్రం అందరికీ వినిపించింది. గది చేసే మార్పు డెసిబెళ్లలో ఉంటుంది, మంచి తీగల మధ్య తేడా డెసిబెల్‌లో నూరోవంతుల్లో ఉంటుంది.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మన పరీక్షల్లో ఆన్సరు పేపరు మీది నంబరు దాచి దిద్దిస్తారు. దిద్దేవారు అన్యాయస్థులని కాదు, ఎంతటి న్యాయమూర్తి అయినా పేరు చూస్తే కలం ఒకవైపు వాలుతుందని. మన మార్కుల విషయంలో మనం కోరుకునే ఆ న్యాయాన్ని మన చెవులకూ, మన నమ్మకాలకూ వర్తింపజేద్దాం. దానికి కావలసినవి ఒక నాణెం, ఒక దుప్పటి, ఒక సాయంత్రం.