ఉచిత టీకా, వార్డెన్ సంతకం

స్కాలర్‌షిప్ దరఖాస్తులో "తల్లి/తండ్రి సంతకం" అని ఒక గడి ఉంటుంది. చాలామంది పిల్లలు దానిని ఎవరిచేతనైనా నింపించి తెస్తారు. ఆ గడి విలువ తెలియడానికి ఖమ్మం జిల్లాలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా ఇది. అమెరికాకు చెందిన పాత్ అనే లాభాపేక్ష లేని ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీనిని నడిపాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్ గ్రాంటు. మందు మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. సుమారు 14 వేల మంది బాలికల్లో గిరిజన హాస్టళ్లలో చదివేవారు చాలామంది.

మహిళా సంఘాలు ప్రశ్నించాయి, పార్లమెంటులో గొడవ జరిగింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. టీకా వేసుకున్నవారిలో కొందరు బాలికలు చనిపోయారన్న వార్త అందరినీ భయపెట్టింది. విచారణలో పాముకాటు, నీట మునగడం, పురుగుల మందు, జ్వరం వంటి కారణాలు తేలాయి. టీకాకు సంబంధం కనబడలేదు. కనుక మందును తప్పుపట్టడానికి నేనీ వ్యాసం రాయడం లేదు.

తప్పు కాగితాల్లో ఉంది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి: 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అంటే నూటికి 29 మంది పిల్లల తరఫున వార్డెనే ఒప్పుకున్నాడు. పాపం, అలా చేయమని వారికి పైనుండే ఉత్తర్వు వచ్చింది. బ్యాంకులో మైనరు ఖాతాకు తండ్రో తల్లో సంరక్షకులు. వార్డెన్ ఎంత మంచివాడైనా, అతని సంతకంతో వచ్చిన విత్‌డ్రాయల్ ఫారానికి మేము పది రూపాయలు కూడా ఇచ్చేవాళ్లం కాదు.

ఇక లెక్క సంగతి. ఉచితం అన్నారు గాని, నర్సులు, వాహనాలు, టీకాను చల్లగా ఉంచే ఏర్పాట్లు ప్రభుత్వానివి. పైగా, ఈ టీకా ప్రభుత్వ కార్యక్రమంలో చేరితే కంపెనీలకు ఏటేటా అమ్మకం ఉంటుందని, పాత్ ఉద్దేశం అదేనని సంఘం ఆరోపించింది. పాత్ ఒప్పుకోలేదు. కామర్స్ చదివే పిల్లలు ఇక్కడ ఒకటి గమనించాలి: దాత ఖాతాలో ఒకసారి పడే ఖర్చు, తీసుకున్నవారి ఖాతాలో ప్రతి సంవత్సరం పడే ఖర్చుగా మారవచ్చు. గ్రాంటు ఎంత అని అడిగేవారే గాని, అది ముగిశాక ఎవరు భరించాలి అని అడిగేవారు తక్కువ.

మన తమిళనాడు ప్రభుత్వం కూడా 2025 బడ్జెట్‌లో 14 ఏళ్ల బాలికలకు ఈ టీకా వేయిస్తామని 36 కోట్ల రూపాయలు ప్రకటించింది. అమ్మాయి బడి నుండి ఆ కాగితం తెస్తే తీసి పక్కన పెట్టకండి. తమిళంలో ఉంటే పిల్లచేత చదివించుకోండి. ఏ టీకా, ఎన్ని మోతాదులు, ఒంట్లో బాగాలేకపోతే ఎవరిని చూడాలి అన్నవి అందులో లేకుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. తరువాత సంతకం మీరే చేయండి.