పోటీ పరీక్షల ప్రత్యేకం: మారుతున్న సముద్రం, సర్దుకుంటున్న చేప

సముద్రం లేని హైదరాబాద్‌లోనే సముద్రాన్ని గమనించే జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. హైటెక్ సిటీకి ఉత్తరాన ప్రగతినగర్‌లోని ఈ సంస్థ 1999లో ఏర్పడింది. ఇది కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ పరిధిలోనిది. ఉపగ్రహాలు పంపే నీటి ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం వివరాలను బట్టి చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు చెబుతుంది.

నీరు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, చేప అవసరం మాత్రం పెరుగుతుంది. అందుకే అది చల్లని చోటికో, లోతుకో పోతుంది. ఒకప్పుడు పైనీటి వలలకే ఎక్కువగా చిక్కిన కానాగంతలు తర్వాత అడుగు ట్రాల్ వలలకూ పడసాగాయి. చెన్నై తీరంలో థ్రెడ్‌ఫిన్ బ్రీమ్ గుడ్లు పెట్టే కాలం చల్లని నెలల వైపు జరిగిందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు గుర్తించారు. ఈ సంస్థ ప్రధాన కేంద్రం కొచ్చి.

ఉప్పు మార్పును తట్టుకోవడంలో మన పండుగప్ప గట్టిది. సముద్రంలో ఉప్పునీరు తాగి, అదనపు లవణాన్ని మొప్పల్లోని ప్రత్యేక కణాలతో బయటికి నెడుతుంది. మంచినీటిలో అవే మొప్పలు లవణాన్ని లోపలికి లాగుతాయి, పలుచని మూత్రం ఎక్కువగా పోతుంది.

పులస గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతుంది, కాబట్టి అనాడ్రోమస్. పండుగప్ప అదే పనికి ఉప్పునీటికి దిగుతుంది, కాబట్టి కాటాడ్రోమస్. ఈ రెండింటినీ తారుమారు చేయకండి.