ఆర్గాన్ వెల్డింగ్ వచ్చిన చేతికి పడవల పని

2018 నవంబరు 16 నుంచి 18 దాకా విజయవాడ దగ్గర కృష్ణా నదిలో ఎఫ్1 హెచ్2ఓ పవర్‌బోటు పందేలు జరిగాయి. గంటకు 200 కిలోమీటర్ల వేగం దాటే పడవలవి. వాటి మోటారు అడుగున, ప్రొపెల్లర్ కిందికి చేప రెక్కలా దిగి ఉండే అల్యూమినియం పలక ఒకటుంటుంది. దాన్ని స్కెగ్ అంటారు. రాయి తగిలినా నేల తగిలినా తొలి దెబ్బ దానిదే. పడవ తిన్నగా సాగాలన్నా, మలుపులో జారిపోకుండా ఉండాలన్నా దాని ఆకారం సరిగ్గా ఉండాలి. అది విరిగిందని మోటారు కింది భాగమంతా మార్చాలంటే చాలా ఖర్చు. అందుకే విరిగిన స్కెగ్‌కు మళ్లీ రూపం పోసే పనివాళ్లు కావాలి. పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్‌లోని ఏ వెల్డర్ కుర్రాడైనా ఆ పనివాడు కాగలడని నా నమ్మకం.

సుల్తానాబాద్ చుట్టూ రైసుమిల్లులు, రాజీవ్ రహదారి పొడవునా వెల్డింగ్ షాపులు. మిల్లు యంత్రాలు, ట్రాక్టరు ట్రాలీలు, గేట్లు, షెడ్లు... ఇక్కడ ఎక్కువగా ఇనుము పనే. ఇనుము అతికే చేతులు ఇప్పటికే ఊరూరా ఉన్నాయి. అల్యూమినియం అతికే చేతులు తక్కువ. టిగ్ వెల్డింగ్, అంటే మన షాపుల్లో ఆర్గాన్ వెల్డింగ్ అని పిలిచేది, నేర్చుకుంటే అసలు తేడా అక్కడ మొదలవుతుంది.

ఇందులో కష్టమేమిటో తెలియాలి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. గాలి తగలగానే దాని మీద ఏర్పడే ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. పొర అలాగే ఉండగా లోపలి లోహం జారి కారిపోతుంది. అందుకే ఏసీ కరెంటు వాడతారు. దాని చక్రంలో ఒక సగం పొరను పగలగొడితే, రెండో సగం లోహానికి వేడినిస్తుంది. అల్యూమినియానికి విడిగా ఉంచుకున్న స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్‌తోనే రుద్దాలి. ఇనుము మీద వాడిన బ్రష్ తగిలితే అతుకు పాడవుతుంది. నూనె జిడ్డు అసిటోన్‌తో తుడవాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ ఎప్పుడూ వాడకండి. వెల్డింగ్ వెలుగుకూ వేడికీ దానినుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ప్రాణం మీదికి వచ్చే విషయమిది.

స్కెగ్, గేర్‌కేసు కలిపి ఒకే పోత. లోపల గేర్లు, బేరింగులు, ఆయిల్ సీళ్లు ఉంటాయి. ముందు గేర్ ఆయిల్ తీసేయాలి, డ్రెయిన్ స్క్రూలు తెరిచే ఉంచాలి. సీళ్లు ఊడదీసి పని చేయడం మేలు. అదే మోడల్ మంచి మోటారు దొరికితే దాని స్కెగ్ ఆకారం అట్ట మీద గీసుకుని, 6061 రకం అల్యూమినియం ప్లేటులో ముక్క కోస్తారు. విరిగిన అంచును రెండు వైపులా ఏటవాలుగా చెక్కి, 4043 ఫిల్లర్ రాడ్‌తో అతుకుతారు. దానిలో సుమారు 5 శాతం సిలికాన్ ఉండటం వల్ల పోత లోహంతో బాగా కలుస్తుంది. ఒకే వైపు వరసగా పోస్తూ పోతే పలక వంగుతుంది. కొంత ఇటు, కొంత అటు, మధ్యలో చల్లారనిస్తూ పోయాలి. వంకర పోయిన స్కెగ్‌తో స్టీరింగ్ ఒక పక్కకే లాగుతుంది.

అతకడంతో సగం పనే అయినట్టు. మామూలు పడవకైతే గ్రైండర్‌తో నునుపు చేసి రంగు కొడితే నడిచిపోతుంది. వేగంగా పోయే పడవకు అది చాలదు. స్కెగ్ ఒక పక్క మందంగా, మరో పక్క పలచగా ఉంటే నీటి ఒత్తిడి రెండు వైపులా సమానంగా ఉండదు. ఒక పక్క బుడగలు లేచి ప్రొపెల్లర్ దాకా పాకితే నీటి మీద దాని పట్టు తప్పుతుంది. కాబట్టి ముందంచు నున్నగా గుండ్రంగా, వెనకంచు పలచగా, రెండు ముఖాలూ ఒకే తీరుగా రావాలి. ముందు ఫ్లాప్ డిస్క్, ఆ తర్వాత ఆకురాయి, చివర చెక్క దిమ్మకు చుట్టిన ఎమరీ కాగితం. 80 నంబరుతో మొదలుపెట్టి 320 దాకా వెళ్తారు. మధ్యమధ్యలో రెండు పక్కలా ఒకే ఎత్తులో వెర్నియర్ పెట్టి మందం చూసుకోవాలి. నిజమైన పనితనం ఇక్కడే తెలుస్తుంది, మంచి కూలీ కూడా దీనికే దక్కుతుంది.

పిన్‌హోళ్లు ఎపాక్సీ పుట్టీతో పూడ్చి, రుద్దిన రోజే ప్రైమర్ కొట్టాలి. ఆలస్యమైతే ఆక్సైడ్ పొర మందమవుతుంది. క్రోమేట్ ప్రైమర్ క్యాన్సర్ కారకం, సరైన మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. రాగి కలిసిన రంగులు అల్యూమినియాన్ని తినేస్తాయి. తుప్పును తన మీదికి తీసుకునే ఆనోడ్ దిమ్మ మంచినీటిలో మెగ్నీషియందీ, సముద్రంలో జింక్‌దో అల్యూమినియందో ఉండాలి. దానికి రంగు పూయకూడదు.

నేర్చుకునే దారి దగ్గరలోనే ఉంది. ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఏడాది, ఫిట్టర్ రెండేళ్లు. ఆ తర్వాత సింగరేణిలోనో ఎన్టీపీసీలోనో అప్రెంటిస్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు. తిరుచిరాపల్లిలో బీహెచ్ఈఎల్ వారి వెల్డింగ్ పరిశోధన సంస్థ శిక్షణ ఇస్తుంది. అల్యూమినియం వెల్డర్ల అర్హత పరీక్షకు ఐఎస్ఓ 9606-2 ప్రమాణం ఉంది. బయటి దేశాల్లో ఆ సర్టిఫికెట్ అడుగుతారు. పడవ ఇంజిన్ల వైపే పోవాలనుకుంటే విశాఖపట్నంలోని కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్‌లో మెరైన్ ఫిట్టర్ కోర్సు పదో తరగతి అర్హతతో దొరుకుతుంది.

ఒక్క స్కెగ్‌ల మీదే సుల్తానాబాద్‌లో బతకలేరు, ఆ మాట దాచను. లోయర్ మానేరులో, హుస్సేన్ సాగర్‌లో పర్యాటక పడవలున్నాయి గానీ ఆ పని ఒక షాపును నిలబెట్టేంత కాదు. విశాఖ, కాకినాడ తీరాల్లో మత్స్యకారులు ఓబీఎం అని పిలిచే మోటార్లు ఇసుకను తాకుతూనే ఉంటాయి, పని అక్కడ ఎక్కువ. దుబాయ్ తోవ మన జిల్లాలకు కొత్తది కాదు. పందెం పడవల విక్టరీ టీమ్ 1989 నుంచి దుబాయ్‌లో ఉంది. 1982లో మొదలైన గల్ఫ్ క్రాఫ్ట్ ఉమ్ అల్ కువైన్‌లో పడవలు కడుతోంది. పదో తరగతి పాసై పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్‌గా (వలస తనిఖీ అక్కర్లేనిదిగా) తీసుకోండి, ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసుకోండి. ఎక్కడైనా పని చేసుకోవచ్చు, ఆజాద్ వీసా అని ఏజెంటు చెప్పే మాట నమ్మి అప్పు చేయకండి.

ఈలోపు సాధనకు స్కెగ్ దొరకకపోయినా ఫరవాలేదు. బైకు మెకానిక్‌ల దగ్గర పగిలిన ఇంజిన్ కవర్లు పడి ఉంటాయి. అవీ అల్యూమినియం పోతలే. ఒకటి అతికి, అతుకును అడ్డంగా కోసి, ఎమరీతో మెరిపించి చూడండి. లోపల సూది మొనంత రంధ్రాలు కనిపిస్తే శుభ్రం చేయడంలోనో ఆర్గాన్ గ్యాసులోనో లోపముంది. రంధ్రాలు లేని అతుకు వరసగా పడుతున్నప్పుడు సర్టిఫికెట్ పరీక్షకు ఫీజు కట్టండి.