సందేహాలు – సమాధానాలు: ఏసీ చేసే మేలు చల్లదనం ఒక్కటేనా?

రోహిణీ కార్తె దగ్గర పడేకొద్దీ ఉత్తరాలన్నీ ఏసీ చుట్టూనే తిరుగుతున్నాయి. ఈసారి చోటంతా వాటికే. ‘ఏ కంపెనీది కొనమంటారు?’ అని అడిగినవారికి మాత్రం జవాబు ఇవ్వడం లేదు. అది మీ జేబుకీ, మీ ఊళ్లో దొరికే మెకానిక్‌కీ సంబంధించిన విషయం.

ప్రశ్న: చాన్నాళ్లుగా కూలర్ వాడుతున్నాం. దాని ఎదురుగా కూర్చున్నా ఒళ్లంతా జిగటే. ఆదిలాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో అదే కూలర్ మే నెలలో కూడా హాయిగా ఉంటుంది. లోపం మా కూలర్‌దా, ఇంటిదా?
— ఒక గృహిణి, కాకినాడ

జవాబు: మీ ఊరి గాలిదమ్మా. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటేనే ఆ నీరు ఆవిరవుతుంది. ఆదిలాబాద్‌లో ఏప్రిల్, మే నెలల గాలి ఎంత నీరైనా ఇట్టే పీల్చేస్తుంది. మీకు సముద్రం మీదుగా వచ్చే గాలి ముందే తడిసి ఉంటుంది. కూలర్ దానికి మరికాస్త తేమ కలిపి మీ మీదికి తోస్తోంది. ఒంటి చెమటదీ ఇదే కథ. అది ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారిపోతే లాభం లేదు. 35 డిగ్రీల కాకినాడలో ఉక్కిరిబిక్కిరి అయ్యేవాళ్లు 40 డిగ్రీల ఆదిలాబాద్‌లో నీడ పట్టున నిలదొక్కుకోగలగడానికి కారణం ఇదే.

ఏసీ పని దీనికి తలకిందులు. దాని లోపలి యూనిట్ మూత తీయించి చూడండి. చల్లటి రాగి గొట్టాలు, వాటి చుట్టూ దగ్గర దగ్గరగా పల్చటి అల్యూమినియం రేకులు కనిపిస్తాయి. గదిలోని గాలి వాటికి తగలగానే అందులోని తేమ బొట్లుబొట్లుగా మారి ట్రేలోకి జారి, గొట్టం గుండా బయటికి పోతుంది. ఆ గొట్టం కింద రాత్రి బకెట్ పెట్టి తెల్లారాక చూస్తే, మీరు ఎంత నీటిని పీల్చి వదులుతున్నారో తెలుస్తుంది. కోస్తా ఊళ్లకు ఏసీ చేసే అసలు మేలు ఈ నీటిని బయటికి పంపడమేనని, చల్లదనం దాని తర్వాతేనని నా లెక్క. బీరువాలో ముక్కిపోయిన వాసన, పుస్తకాలకు బూజు, డబ్బాలో మెత్తబడిపోయే అప్పడాలు ఈ తేమ చలవే. వానాకాలంలో వేడి లేకున్నా గది చెమ్మగా అనిపిస్తే రిమోట్ మీద ‘డ్రై’ మోడ్ నొక్కండి. మీ చెల్లెలికి మాత్రం వానలు పడేదాకా కూలరే చాలు. ఆమె చేత అనవసరంగా ఏసీ కొనిపించకండి.

ప్రశ్న: మాది పై అంతస్తు. మా ఆయన ఏసీ వేయగానే 18 పెడతారు. ‘అప్పుడే తొందరగా చల్లబడుతుంది’ అంటారు. అర్ధరాత్రి నేను చలికి రెండు దుప్పట్లు కప్పుకుంటాను. నిరుడు ఎండాకాలంలో జీరో బిల్లు కూడా పోయింది. మీరు రాస్తే అయినా వింటారేమో.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇది ఆయన చేతికే ఇవ్వండి. సార్, మీరు నొక్కే అంకె ఏసీ ఎక్కడ నెమ్మదించాలో చెబుతుంది. దాని వేగం పెంచదు. గది 36 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు 24 పెట్టినా 18 పెట్టినా కంప్రెసర్ మొదట పడే కష్టం ఒకటే. తేడా అంతా తర్వాతే. 24 అయితే గది ఆ అంకెను అందుకోగానే ఇన్వర్టర్ కంప్రెసర్ జోరు తగ్గిస్తుంది. 18 అయితే ఎండాకాలం పై అంతస్తులో తెల్లారేదాకా అందుకోకపోవచ్చు, మీటరు గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలు కావాలన్న నిబంధన 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. కంపెనీ 24తో ఇచ్చినదాన్ని మీరు రోజూ పనిగట్టుకుని 18కి దించుతున్నారు.

ఇక జీరో బిల్లు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో నెలకు హద్దు 200 యూనిట్లు. దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. మీ ఏసీ మీద అతికించిన లేబుల్ చూడండి. ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది. ఆ లెక్క వేసింది 1600 గంటల వాడకానికి. లేబుల్ మీద 800 అని ఉందనుకుందాం. సగటున గంటకు అర యూనిట్. రాత్రికి ఎనిమిది గంటలు వేస్తే నాలుగు యూనిట్లు, నెలకు 120. ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ, మోటారుకు మిగిలేది 80. అంటే 24 పెట్టి జాగ్రత్తగా ఉన్నా హద్దు అంచునే నడుస్తారు, 18 పెడితే దాటడం ఖాయం. 26 పెట్టి ఫ్యాన్ రెండో నంబరు మీద వేసుకోండి. కదిలే గాలి వల్ల ఒంటికి 24లాగే ఉంటుంది, ఫ్యాన్‌కు అయ్యే ఖర్చు ఏసీ ముందు లెక్కలోకే రాదు.

పై అంతస్తు వాళ్లకు ఇంకో శత్రువు నెత్తి మీదే ఉంది. పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి పదకొండింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. మీ ఏసీ సగం పని శ్లాబును చల్లబరచడమే. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, కుదరకపోతే సున్నమైనా కొట్టించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. ఏసీ కొనేముందు చేయాల్సిన పని ఇది. చాలామంది కొన్నాక కూడా చేయరు.

ప్రశ్న: మామగారికి 76 ఏళ్లు. ‘ఏసీ గాలికి కీళ్లు పట్టేస్తాయి’ అని వరండాలోనే మంచం వేసుకుంటారు. బలవంతపెట్టాలా, వదిలేయాలా?
— ఒక కోడలు, రెంటచింతల

జవాబు: మీ ఊరి ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. వదిలేయకండి. వయసు మీద పడ్డాక చెమట సరిగా పట్టదు, దాహం తెలియదు. బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపేస్తాయి. పగటి వేడి కంటే రాత్రి కూడా చల్లబడకపోవడం పెద్దవాళ్లను ఎక్కువ దెబ్బతీస్తుంది, ఎందుకంటే గుండెకు ఆ కాస్త విశ్రాంతి కూడా దక్కదు.

అలాగని ఆయన మాటను కొట్టిపారేయలేం. చల్లటి గాలి నేరుగా మోకాళ్ల మీద, మెడ మీద పడితే కండరాలు బిగుసుకుని నొప్పి పెరిగినట్టు చాలామందికి అనిపిస్తుంది. మంచాన్ని ఏసీకి ఎదురుగా కాకుండా పక్కకు జరపండి. రెక్కలు పైకి తిప్పి గాలి పైకప్పు వైపు వెళ్లేలా పెట్టండి. 27 చాలు, కాళ్లకు పల్చటి దుప్పటి. మొదట మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు గంటలు పడుకోమనండి. రాత్రికి ఆయనే లోపలికి వస్తారు. చల్లటి గదిలోంచి నేరుగా నడి ఎండలోకి మాత్రం వెళ్లనివ్వకండి. మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడండి, మీరే మానిపించకండి.

ప్రశ్న: మాది ఆఫ్‌సెట్ ప్రెస్. ప్రింటింగ్ హాల్లో ఏసీ పెడదామంటే ‘మనుషులకే లేదు, కాగితానికా?’ అని నాన్నగారు కోప్పడుతున్నారు. వానాకాలంలో రంగులు కుదరక షీట్లు పారేస్తున్నాం.
— విజయవాడ

జవాబు: ఏసీ పుట్టిందే కాగితం కోసమని నాన్నగారికి చెప్పండి. 1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక రంగుల ప్రెస్‌కు అచ్చంగా మీ సమస్యే వచ్చింది. గాలిలో తేమ పెరిగితే కాగితం ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. మొదటి రంగు అచ్చయ్యాక షీటు వెంట్రుకవాసి సాగినా రెండో రంగు దాని మీద సరిగ్గా కూర్చోదు. అక్షరం పక్కన ఎర్రటి నీడలా కనిపించేది అదే. విల్లిస్ క్యారియర్ అనే పాతికేళ్ల ఇంజినీరు చల్లటి గొట్టాల మీదుగా గాలిని పంపి అందులోని తేమను అదుపు చేసే ఏర్పాటు గీశాడు. ఇప్పుడు మన పడగ్గదుల్లో ఉన్నది దాని వారసురాలే. సినిమా హాళ్లలో జనం కోసం ఏసీలు పెట్టడం ఆ తర్వాత రెండు దశాబ్దాలకు గానీ ఊపందుకోలేదు.

మీ హాల్లో ఒక హైగ్రోమీటరు తగిలించండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలిస్తే చాలు. మరీ పొడిబారినా ఇబ్బందే, షీట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. గోడౌన్ నుంచి తెచ్చిన రీములను కట్టు విప్పకుండా ఒక రోజు హాల్లోనే ఉంచి, ఆ తర్వాత మెషిన్ ఎక్కించండి. మనుషుల మాటకొస్తే, చెమట చేతులతో షీటు పట్టుకుంటే పడే మరకలు కూడా మీ వేస్టు లెక్కలోనే ఉన్నాయి.

ప్రశ్న: ఆడిటర్ ఆఫీసులో ఒకే ఏసీ గదిలో ఆరుగురం పనిచేస్తాం. మధ్యాహ్నం మూడయ్యేసరికి అందరికీ ఆవులింతలు, తల బరువు. ఏసీ పడటం లేదా?
— రాజమహేంద్రవరం

జవాబు: ఏసీ పడటం లేదని కాదు, మీ గదికి ఊపిరాడటం లేదు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఆరుగురు వదిలే కార్బన్ డయాక్సైడ్ తలుపులు మూసిన గదిలో గంటగంటకూ పేరుకుంటుంది. మగత దానివల్లే కావచ్చు. పదకొండింటికి, భోజనానికి లేచినప్పుడు, మూడింటికి పది నిమిషాల పాటు తలుపూ కిటికీ తెరవండి. చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించుకుంటే ఇంకా మంచిది. ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టండి. అంతేగానీ ఏసీ తీసేసి వోచర్లు ఎగరకుండా పేపర్ వెయిట్లు వెతుక్కునే రోజులకు వెళ్లకండి. వీధి దుమ్ము, హారన్ల మోత లేకుండా లెక్కలు చూసుకోగలగడం చిన్న సుఖమేమీ కాదు.

ప్రశ్న: ఏసీ నుంచి వచ్చే నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో సమానమని, ఇన్వర్టర్ బ్యాటరీలో పోయవచ్చని మా పక్కింటాయన అంటున్నారు. నిజమేనా?
— నల్లగొండ

జవాబు: సగమే నిజం. గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చిన నీళ్లు కాబట్టి బోరు నీళ్లలోలా ఉప్పులు ఉండవు. కానీ అవి రాగి, అల్యూమినియం మీదుగా జారి, దుమ్మూ నాచూ పట్టిన ట్రేలోంచి వస్తాయి. లోహపు అంశ కాస్త కలిసినా బ్యాటరీ పలకలకు చేటు. ఇల్లు తుడవడానికి, మొక్కలకు, బాత్‌రూముకు నిక్షేపంగా వాడుకోండి. తాగడానికి వద్దు, బ్యాటరీకీ వద్దు. డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కొత్త బ్యాటరీ కంటే ఎప్పుడైనా చవకే.