‘రాయల్’ అంటే ఖరీదైనదనా?

ప్రశ్న: కోల్‌కతాలో ఉంటున్నాం. ఇక్కడి గోల్ఫ్ క్లబ్బు పేరులో ‘రాయల్’ చూసి, అది ఏ రాజుదని మా అబ్బాయి అడిగాడు. ‘పెళ్లి రాయల్‌గా చేశారు’ అంటామే, ఆ అర్థమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా, మీ అబ్బాయే సరైన దారిలో ఉన్నాడు. ఇంగ్లిషులో ‘రాయల్’కు అసలు అర్థం రాజుకు, రాజకుటుంబానికి చెందినది అని. పేరులో చేరితే రాజు అనుమతి ఉన్నట్టు. 1829లో పుట్టిన కలకత్తా గోల్ఫ్ క్లబ్బుకు ఆ మాట దక్కింది 1911లో, బ్రిటన్ రాజు అయిదో జార్జి భారతదేశానికి వచ్చినప్పుడు. క్లబ్బు ఆయన సొంతం కాలేదు, గౌరవం మాత్రమే వచ్చింది. పార్క్ స్ట్రీట్‌లోని ఏషియాటిక్ సొసైటీ కూడా 1936లో ‘రాయల్’ అయింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1951లో దాన్ని వదిలేసింది. నాకైతే ఆ పని ఎంతో నచ్చుతుంది.

మన తెలుగులో ‘రాయల్‌గా’ అంటే దర్జాగా, ఖర్చుకు వెనకాడకుండా అని. అది తెలుగు వాడుకగా చక్కగా ఉంది, మానక్కర్లేదు. ఇంగ్లిషులోనూ ఘనస్వాగతాన్ని ‘రాయల్ వెల్కమ్’ అంటారు. కానీ మనిషి నడకలో, నిలుచున్న తీరులో రాజసం ఉట్టిపడితే అక్కడ ‘రీగల్’ బాగా నప్పుతుంది. సోఫా ఖరీదైనదని చెప్పాలంటే ‘లగ్జూరియస్’ చాలు.