బొమ్మకు భద్రమైన కట్టు: ప్రదర్శనకు పంపే చిత్రాన్ని తక్కువ ఖర్చుతో ప్యాక్ చేద్దాం

పిల్లలూ! బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్లలో ముందుగా కనబడేవి అట్టపెట్టెలు. గాజు సామాను ఎలా చుట్టాలో, ఏ పెట్టె మీద ఏమి రాయాలో మనలో చాలామందికి చిన్నప్పుడే తెలిసిపోతుంది. ఆ తెలివిని మనం గీసిన బొమ్మల కోసం ఎలా వాడుకోవచ్చో ఈ పాఠంలో నేర్చుకుందాం.

గ్లాసు పగిలితే అలాంటిదే ఇంకొకటి కొనుక్కోవచ్చు. మీరు గీసిన బొమ్మ మాత్రం ఒక్కటే. నెల రోజులు కష్టపడి వేసిన చిత్రం ఒక్క రాత్రి రైలు ప్రయాణంలో మడత పడితే, చూసేవారికి ముందు కనబడేది ఆ మడతే. అందుకే ప్యాకింగ్ కూడా బొమ్మ వేయడంలో చివరి మెట్టు అనుకోవాలి.

నాలుగు ప్రమాదాలు

దారిలో బొమ్మకు నాలుగు ప్రమాదాలున్నాయి: వంపు, రాపిడి, చెమ్మ, కుదుపు. మనం వేసే ప్రతి పొరా వీటిలో ఏదో ఒకదాన్ని ఆపాలి. ఏ పొర ఎందుకు వేస్తున్నామో తెలిస్తే ఖరీదైన సామాను అక్కరలేదు.

అట్టలో దాగిన బలం

అట్టపెట్టె అంచును కోసి చూడండి. రెండు చదును కాగితాల మధ్య అలల్లా వంగిన మరో కాగితం ఉంటుంది. ఇలా అలలుగా మడిచిన కాగితాన్ని 1856లో ఇంగ్లండులో పొడుగాటి టోపీల లోపలి అస్తరుకు వాడారు. 1871లో న్యూయార్కులో ఆల్బర్ట్ జోన్స్ దాన్ని సీసాలు, దీపం చిమ్నీలు చుట్టడానికి పనికి తెచ్చాడు.

ఒక అట్టముక్కను చేత్తో వంచి చూడండి. ఒకవైపు తేలిగ్గా మడత పడుతుంది. రెండోవైపు గట్టిగా ఎదురుతిరుగుతుంది. కాబట్టి రెండు అట్టలు తీసుకుని, ఒకదాని అలలు నిలువుగా, రెండోదాని అలలు అడ్డంగా ఉండేలా కలపండి. ఒకటి లొంగే వైపు రెండోది నిలబడుతుంది. ఇక ఎటువైపూ సులువుగా వంగదు.

కాగితం మీది చిత్రం

ఎ3 డ్రాయింగ్ షీటును ఉదాహరణగా తీసుకుందాం. దాని కొలత 42 సెం.మీ. × 29.7 సెం.మీ. చుట్టూ 5 సెం.మీ. చొప్పున వదిలితే మనకు 52 × 40 సెం.మీ. అట్టలు రెండు కావాలి. కిరాణా దుకాణంలో అడిగితే పాత పెట్టెలు ఇస్తారు.

1. ఒక అట్ట మీద శుభ్రమైన తెల్ల కాగితం పరచి, దాని మీద చిత్రాన్ని నడిమధ్యన ఉంచండి. రంగు పూర్తిగా ఆరి ఉండాలి.

2. చిత్రానికి టేపు అంటించకండి. పాత ఆల్బముల్లో ఫొటోలను పట్టి ఉంచే మూలల్లాగా, కాగితాన్ని త్రికోణంగా మడిచి నాలుగు మూలలకూ తొడగండి. టేపు ఆ త్రికోణానికి, అట్టకు మాత్రమే తగలాలి.

3. పెన్సిలు బొమ్మ, నీటిరంగుల బొమ్మ అయితే పైన బటర్ పేపరు కప్పండి. పేస్టల్, బొగ్గు బొమ్మల మీద ఏదీ ఆననివ్వకండి. ప్లాస్టిక్ కాగితం అసలే వద్దు. దానిలో పుట్టే స్థిర విద్యుత్తు రంగుపొడిని లాగేస్తుంది.

4. చుట్టూ వదిలిన 5 సెం.మీ. జాగాలో 3 సెం.మీ. వెడల్పు అట్టపట్టీలు అంటించండి. రెండో అట్ట ఈ పట్టీల మీద ఆనుతుంది, బొమ్మ మీద కాదు. పేస్టల్ బొమ్మకు పట్టీలు రెండు వరుసలు వేయండి.

5. రెండో అట్టను అలలు అడ్డంగా వచ్చేలా మూసి, పాత నాడాతో కట్టండి.

6. పైన చెమ్మ చేరకుండా పాత ఫ్లెక్సీ బ్యానరును కవరులా చుట్టండి. వాన కురుస్తున్నప్పుడు కాకుండా పొడిగా ఉన్న రోజున చుట్టండి. లేకపోతే ఆ తేమ లోపలే చిక్కుకుంటుంది.

వార్తాపత్రికను చిత్రానికి తగలనివ్వకండి. దాని సిరా అంటుకుంటుంది, ఆ కాగితంలోని ఆమ్లం క్రమంగా పసుపు మరకలు తెస్తుంది. ఉండలు చేసి బయటి పెట్టెలో కూరడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

బబుల్ ర్యాప్ ఉంటే బయటి పొరగా చుట్టండి. 1957లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ అనే ఇద్దరు గోడలకు అంటించే కొత్తరకం కాగితం చేయబోతే ఇది పుట్టింది. గోడకు పనికిరానిది ప్యాకింగుకు పనికొచ్చింది! అయితే ఎండలో యాక్రిలిక్ రంగు మెత్తబడుతుంది. బుడగలు నేరుగా తగిలితే వాటి గుర్తులు రంగు మీద పడతాయి.

చుట్టి పంపే చిత్రాలు

తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసిన గుడ్డ మీద పొడవాటి కథాపటాలు గీసేవారు. కథకులు ఆ పటాన్ని చుట్టి ఊరూరా తీసుకెళ్లి, కథ నడిచేకొద్దీ విప్పి చూపేవారు. ప్రయాణం చేయాలనే ఆలోచన ఆ బొమ్మ రూపంలోనే ఉంది.

మీ గుడ్డ చిత్రాన్ని కూడా చుట్టవచ్చు. బట్టల దుకాణంలో తాను చుట్టి వచ్చే అట్టగొట్టం అడగండి. చిత్రాన్ని గొట్టం లోపలికి దూర్చకుండా, రంగువైపు బయటికి ఉండేలా గొట్టం మీద వదులుగా చుట్టండి. గొట్టం ఎంత లావుగా ఉంటే అంత మంచిది. పైన పాత నూలుచీర ముక్క, దాని మీద ప్లాస్టిక్ కవరు వేయండి. మందంగా రంగు వేసిన చిత్రాలను మాత్రం చుట్టకూడదు, రంగు బీటలు వారుతుంది.

అద్దం ఫ్రేములు, మట్టి బొమ్మలు

అద్దం మీద టేపును అడ్డంగా, నిలువుగా అంటించండి. టేపు అద్దాన్ని పగలకుండా ఆపలేదు. పగిలితే పెంకులు జారి బొమ్మను కోయకుండా పట్టి ఉంచుతుంది. ఫ్రేమును పడుకోబెట్టకుండా నిలబెట్టి తీసుకెళ్లండి.

మట్టి బొమ్మకు పెట్టెలో పెట్టె కావాలి. రెండు పెట్టెల మధ్య అన్నివైపులా 5 సెం.మీ. ఖాళీ ఉంచి కాగితం ఉండలు కూరండి. కొండపల్లి బొమ్మలకు చేతులు, కాళ్లు విడిగా చెక్కి అతుకుతారు. అలాంటి అతుకులే ముందు ఊడతాయి. కాబట్టి బరువు బొమ్మ అడుగుభాగం మీద పడాలి, సన్నని భాగాల మీద కాదు. పెట్టె మూసి మెల్లగా ఊపండి. లోపల చప్పుడైతే ఇంకా కూరాలి.

తిరుగు ప్రయాణం

చాలామంది మరచిపోయే సంగతి ఇది. ప్రదర్శన ముగిశాక మీ బొమ్మను మళ్లీ కట్టేది మీరు కాదు, మీరెరుగని ఎవరో. వారికి తీరిక తక్కువ, పెట్టెలు ఎక్కువ. టేపుతో బిగిస్తే చింపి తీస్తారు, నాడాతో కడితే విప్పి తీస్తారు. పొరల మీద 1, 2, 3 అని అంకెలు వేయండి. వాటిని కట్టే వరుసను బొమ్మలుగా గీసి మూత లోపల అంటించండి.

ఆ రాష్ట్రంలో తెలుగు చదివేవారు ఉండకపోవచ్చు. అందుకే మీ పేరు, పాఠశాల చిరునామా హిందీలోను, ఇంగ్లీషులోను రాయండి. పెట్టె మీద గాజుగ్లాసు, గొడుగు, పైకి చూపే రెండు బాణాలు గీయండి. పగిలే వస్తువు, తడవకూడదు, ఇటు పైకి ఉండాలి అని వాటి అర్థం. ఈ గుర్తులు ఏ భాషవారికైనా తెలుస్తాయి.

చేసి చూడండి

బొమ్మ పెట్టే ముందు ఆ అట్టల మధ్య తెల్ల కాగితంలో చుట్టిన వేయించిన అప్పడం ఒకటి పెట్టి కట్టండి. ఒకరోజంతా బడికి మోసుకెళ్లి తీసుకురండి. నడుము ఎత్తు నుంచి ఒకసారి కింద పడేయండి. తర్వాత విప్పి చూడండి. అప్పడం విరిగితే ఎక్కడ విరిగిందో గమనించండి. నడుమ విరిగితే అట్ట వంగిందన్నమాట, అంచున విరిగితే అప్పడం లోపల జరిగిందన్నమాట. లోపం సరిదిద్ది మరో అప్పడంతో పరీక్షించండి. అప్పడం నిలిచిన కట్టులో మీ బొమ్మను ధైర్యంగా పంపవచ్చు.