తాళము లేని పెట్టె

శిల్పి మలచిన విగ్రహమును దొంగ యెత్తుకొనిపోయినచో పీఠము శూన్యమై కనిపించును. కంప్యూటరు ఆటను ప్రతి తీసికొనినచో మూలము చెక్కుచెదరక యథాస్థానముననే యుండును. కావుననే పోయినదేమియు లేదని పలువురు తలంతురు. కాని యొక పెద్ద ఆటను సిద్ధపరచుటకు కథకులు, చిత్రకారులు, సంగీతజ్ఞులు, ప్రోగ్రాములు వ్రాయువారు ఏండ్ల తరబడి శ్రమింతురు. వారి కుటుంబముల పోషణము ఆట అమ్మకముపైననే ఆధారపడియుండును. కళయందలి మక్కువ, ధనమునందలి అవసరము – ఈ రెంటి నడుమ చిక్కుకొనిన ఇద్దరు మిత్రుల కథ తెలిసికొనదగినది.

1989లో పోలెండు దేశమున కమ్యూనిస్టు పాలన అంతరించెను. అప్పుడప్పుడే అచటి ఇండ్లలోనికి కంప్యూటర్లు వచ్చుచుండెను. కాని కంప్యూటరు ప్రోగ్రాములకు రక్షణము కల్పించు చట్టము 1994 వరకు ఆ దేశమున లేదు. రాజధానియగు వార్సాలో గ్జిబోవ్‌స్కా వీధియందు కంప్యూటరు సంత జరుగుచుండెను. విదేశీయుల ఆటలకు ప్రతులు తీసి అచట బహిరంగముగా విక్రయించుచుండిరి. మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ అను సహపాఠులకు ఆ సంతతో చిరకాల పరిచయము కలదు. తామును అట్టి ప్రతులతోనే ఆటలాడితిమని ఇవిన్‌స్కీ తరువాతి కాలమున దాపరికము లేక చెప్పియున్నాడు. 1994లో వారిరువురును సీడీ ప్రొజెక్ట్ అను సంస్థను స్థాపించి, విదేశములనుండి ఆటల డిస్కులను న్యాయముగా తెప్పించి అమ్మసాగిరి.

సంతలోని దొంగప్రతితో వెలలో పోటీపడుట ఎవరికిని సాధ్యము కాదు. కావున వారు వేరొక మార్గము త్రొక్కిరి. కెనడా దేశీయులు నిర్మించిన ‘బాల్డర్స్ గేట్’ అను ఆటను 1999లో పోలిష్ భాషలోనికి తెచ్చిరి. ప్రసిద్ధ నటులచేత పాత్రలకు గాత్రము చెప్పించిరి. పెట్టెలో డిస్కులతోపాటు పటమును, ఆట వివరించు పుస్తకమును చేర్చిరి. దొంగప్రతిలో లేని విలువను అసలు ప్రతికి కల్పించుటయే వారి ఉపాయము. చౌక సరకునకు అలవాటుపడిన ప్రజలే ఆ పెట్టెను ఆదరముతో కొనిరి.

పరుల ఆటలు అమ్ముటతో మిత్రులు తృప్తినొందలేదు. ఆంద్జెయ్ సాప్కోవ్‌స్కీ యను పోలిష్ రచయిత కథల నాధారముగా గొని ‘ది విచర్’ అను ఆటను తామే నిర్మింప బూనిరి. అనుభవము లేదు, ధనము స్వల్పము. పని ప్రారంభించిన ఐదేండ్లకు, 2007లో, ఆట వెలువడెను. మరుసటి యేడు దానిని సంస్కరించి, అంతకుముందే కొనినవారికి ఆ నూతన రూపమును ఉచితముగా నిచ్చిరి.

ఆ కాలమున సంస్థలు తమ ఆటలకు ఒక విధమైన తాళము వేయుచుండెను. డిస్కు అసలైనదా కాదా యని ఆ తాళము పరీక్షించును. కొన్ని తాళములు ఇంటర్నెట్టు ద్వారా అనుమతి పొందినగాని ఆటను తెరువనీయవు. వెలువడిన తొలి దినములలో అమ్మకము మెండుగా నుండును గనుక, అంతవరకైనను తాళము నిలిచినచో చాలునని వ్యాపారులు భావింతురు. వారి భయము నిరాధారమైనది కాదు. కాని నేర్పరులైన దొంగలు తాళమును ఊడదీసి ఆటను పంచిపెట్టుదురు. వెల చెల్లించిన సజ్జనుడు మాత్రము ప్రతి దినమును ఆ తాళముతో పెనగులాడుచుండును.

మిత్రులకు ఈ సంగతి 2011లో అనుభవమునకు వచ్చెను. ‘ది విచర్ 2’ ఆటను దుకాణములలో తాళముతోను, తమ సొంత ఇంటర్నెట్టు అంగడియగు ‘గాగ్’లో తాళము లేకుండను విక్రయించిరి. కొలది కాలముననే తాళము పగిలెను. వారు కొన్ని దినములలోనే దుకాణపు ప్రతులనుండియు తాళమును తొలగించిరి. తొలగించిన పిమ్మట ఆట మరింత వేగముగా నడచునని ప్రకటించిరి. కంచెయే చేను మేసినట్లు, రక్షింపవలసిన తాళమే ఆటకు భారమై యుండెనన్నమాట!

అంతమాత్రమున నష్టము తొలగలేదు. ఆ యేడు పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యెను. దొంగప్రతులు 45 లక్షల వరకు ఉండునని ఇవిన్‌స్కీ అంచనా కట్టెను. జర్మనీలో దొంగప్రతులు తీసిరని భావించిన వారికి సంస్థ పక్షమున పరిహారము కోరుచు న్యాయవాదుల లేఖలు పోయెను. నిరపరాధులకును అట్టి లేఖ అందవచ్చునని జనులు ఆక్షేపించిరి. 2012 జనవరిలో సంస్థ బహిరంగ లేఖ వ్రాసి ఆ పద్ధతిని విడిచిపెట్టెను. దొంగతనమును సమర్థింపవలదని మాత్రము పాఠకులను వేడుకొనెను.

2015లో ‘ది విచర్ 3’ వెలువడెను. దానికి తాళము లేదు. ఎవడైనను ప్రతి తీయవచ్చును. అయినను 2023 నాటికి ఐదుకోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యెను. ఉచితముగా దొరకు వస్తువును ఇందరు వెలయిచ్చి కొనుటకు కారణమేమి? ఈ పనివారు మనలను మోసగింపరను నమ్మకము బలమైన కారణములలో నొకటి.

ఆ నమ్మకము ఎంత సుకుమారమైనదో 2020 డిసెంబరులో తెలిసెను. ‘సైబర్‌పంక్ 2077’ అను ఆటను అదే సంస్థ పలుమారులు వాయిదా వేసి, తుదకు లోపములు తీరకముందే విడుదల చేసెను. పాత యంత్రములపై అది సరిగా నడువలేదు. సోనీ సంస్థ తన ఇంటర్నెట్టు అంగడినుండి దానిని కొన్ని నెలలపాటు తొలగించి, కొనినవారికి సొమ్ము తిరిగి యిచ్చెను. దానికిని తాళము లేదు. కాని తాళము లేనంతమాత్రమున పనిలోని కొరత కప్పబడదు గదా! ఇవిన్‌స్కీ బహిరంగముగా క్షమాపణ చెప్పెను. ఆటను చక్కదిద్దుటకు పనివారు మరి రెండు సంవత్సరములకు పైగా శ్రమింపవలసివచ్చెను.

కళాకారునకు ధనము వలదనుట న్యాయము కాదు. ఆకలిగొన్నవాడు చిరకాలము కళను సేవింపలేడు. కాని ధనమునకై పనిని తొందరపెట్టినను, కొనువారినందరిని దొంగలుగా నెంచినను ఆ ధనమే దూరమగును. కొనువారికిని ఒక ధర్మము కలదు. తాళము లేని పెట్టెను తెరచునపుడు చూచువారెవరును ఉండరు. అపుడు న్యాయమైన వెల చెల్లించువాడు ఆ ఆటను మాత్రమే కాదు, రాబోవు ఆటను సైతము బ్రదికించుచున్నాడు.